తివాచీలో నా సగం

"మీ తివాచీ మా ఇంట్లో ఉందండి" అని ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో మా వంటింటి గట్టు మీద గోంగూర వలుచుకుంటున్నాను. పేరు పద్మజ అని చెప్పింది. రామచంద్రపురంలో ఓ పాత రైతు కుటుంబానికి కోడలట. ఎప్పుడో ఒక ఆదివారం అనుబంధంలో నేను రాసిన వ్యాసాన్ని ఎవరో ఫోన్లో పంపితే చదివిందట. నా రాతల్లో జనానికి గుర్తున్నది ఆ ఒక్క వ్యాసమే. పదిహేనేళ్ల వయసులో ఏలూరులో మా మేనత్త పక్కన మగ్గం ముందు కూర్చుని, ఒక పెద్ద పూల తివాచీలో ఎడమ సగం నేనే నేశానని అందులో రాశాను. నాది ఎడమచేతి వాటం కనక నా సగంలో ఉన్ని మా అత్త సగానికి ఎదురువైపు వాలి ఉంటుందని, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరినా మా అత్త ఎక్కడ ఆగిందో, నేను ఎక్కడ మొదలయ్యానో చెప్పేయవచ్చని కూడా రాశాను. చదివినవాళ్లంతా ఆ చివరి ముక్కనే మెచ్చుకునేవారు. సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్లు కూడా ఆ ముక్కతోనే మొదలుపెట్టేవారు.

"ఇంట్లో అందరం నిమిరి చూశామండి. మా మావగారైతే మోకాళ్ల నొప్పులతోనే కింద కూర్చుని మరీ చూశారు. మాకు తేడా తెలియట్లేదండి. మీరొకసారి వచ్చి చూపిస్తారా అండి?" అంది పద్మజ. నేను నవ్వి, "నిమరడం కూడా ఒక పనేనమ్మా, అందరికీ పట్టుబడదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ ఆదివారం ధవళేశ్వరం దాటి కాలవ గట్టు వెంట కారులో వెళుతుంటే, పెళ్లిచూపులకు బయల్దేరినప్పుడు కూడా లేనంత హడావిడి నా మనసులో. పద్మజ వాళ్లు హాల్లో బల్లలన్నీ పక్కకు జరిపి తివాచీని పూర్తిగా పరిచి ఉంచారు. వాళ్ల తాతగారు ఏలూరులో ఒక సాయిబు మేస్త్రీకి చెప్పి నేయించుకున్నారని మావగారు చెప్పారు. ఆయన చెప్పనక్కర్లేదు, నేను గుమ్మంలోంచే గుర్తుపట్టాను. నేరేడుపండు రంగు నేల మీద పాకిన తీగలు, మధ్యలో పళ్లెమంత పువ్వు, చుట్టూ నీలం అంచు. ఒకచోట అంచు నీలం జానెడు మేర చిక్కబడి ఉంది. నేత సగంలో ఉండగా అద్దకంలో నీలం అయిపోయి, మళ్లీ కాచిన నీలం కాస్త ముదురు తేలింది. ఆ రోజు మా అత్త తల పట్టుకుని కూర్చోవడం నాకు బాగా గుర్తు.

చెప్పులు విడిచి మోకాళ్ల మీద కూర్చున్నాను. అందరూ చుట్టూ నిలబడ్డారు. పద్మజ వీడియో తీస్తానని ఫోన్ పట్టుకుంది. కళ్లు మూసుకుని, కుడి అంచు దగ్గర అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా ఎడమవైపు లాగాను. ఉన్ని చల్లగా, జారుడుగా చేతికింద సాగిపోయింది. నడిమి పువ్వు వచ్చింది. ఇక్కడ ఎదురు తగలాలి. పిల్లి ఒంటిని తోకవైపు నుంచి నిమిరితే ఎలా గరుకుగా తగులుతుందో అలా తగలాలి. తగల్లేదు. చెయ్యి ఎడమ అంచు దాకా అదే జారుడుతో వెళ్లి గచ్చు మీద పడింది. మళ్లీ చూశాను. తివాచీ పాదం దగ్గర చూశాను, తల దగ్గర చూశాను. ఎడమవైపు కింది మూలన చిన్న పువ్వొకటి ఉంది, నా మొదటి రోజు పని. దాని మీద మూడుసార్లు నిమిరాను. మొత్తం తివాచీ ఒకే వాలు, ఒకే చేతి పని.

"తెలిసిందాండీ?" అంది పద్మజ. "పాతబడిపోయిందమ్మా, తొక్కీ తొక్కీ వాలు పోయింది" అన్నాను. వాళ్లు నమ్మారు. మంచివాళ్లు, పనసపొట్టు కూరతో భోజనం పెట్టి పంపించారు.

ఆ ఏడు నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. మా ఇంట్లో అది మామూలు తప్పుగా చూడలేదు. మా నాయనమ్మ దృష్టిలో నా ఎడమచెయ్యే అన్నిటికీ మూలం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే విసనకర్ర కాడతో వేళ్ల మీద కొట్టేది. బలపం పట్టుకుంటే లాక్కుని కుడిచేతికి మార్చేది. కుడిచేత్తో రాయడం, తినడం నేర్చుకున్నాను కానీ, తొందరలో ఏది అందుకున్నా ఎడమచెయ్యే ముందుకు పోయేది. పరీక్ష పోయాక ఆవిడ మా నాన్నతో, "ఆ చేత్తో రాసింది ఒడ్డెక్కుతుందిట్రా?" అంది. రాసింది కుడిచేత్తోనే అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సెప్టెంబరు పరీక్షకు ట్యూషన్ చెప్పించడానికని నన్ను ఏలూరులో మా మేనత్త వరమ్మ ఇంటికి పంపించారు.

వరమ్మత్తకు పిల్లలు లేరు. మామయ్య బియ్యం మిల్లులో గుమాస్తా, పొద్దున్నే వెళితే దీపాల వేళకు వచ్చేవాడు. ఎదురింట్లో తివాచీలు నేసే సాయిబు గారి కుటుంబం ఉండేది. తరాలుగా అదే పని వాళ్లది. వాళ్ల పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని సాయిబు గారు చెప్పుకునేవారు, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం కాస్త నిటారుగా కూర్చునేవారు. కాపరానికి వచ్చిన కొత్తలో పొద్దుపోక అత్త వాళ్ల పెరట్లో కూర్చుని పని నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకోలేదు, నాలుగేళ్లలో సాయిబు గారి ఇద్దరు కూతుళ్లను మించిపోయింది. పెద్ద బేరం వస్తే ఆయన ఒక మగ్గం మా అత్త వసారాలోనే నిలబెట్టించేవారు.

ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. తడిసిన ఉన్నికి వాన కురిసిన రోజు గొర్రెల మంద దగ్గర వచ్చే వాసన ఉంటుంది. దానికి తోడు ఎదురింటి పెరట్లో గంగాళాల్లో కాగే రంగుల ఘాటు, అత్త తలకు రాసుకునే మందార నూనె, మధ్యాహ్నం పప్పు పోపు. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి, ఇత్తడి గ్లాసులో కాఫీ తాగి, ఆ గ్లాసు కడిగి బోర్లించాక గానీ అత్త మగ్గం ముట్టుకునేది కాదు. కూర్చునే ముందు వేళ్లకు కాస్త విభూతి రాసుకునేది. "దేవుడి మీద భక్తనుకునేవు, చెమటకి ఉన్ని జారకుండానే" అని నవ్వేది. నిలువుగా బిగించిన తెల్లటి పడుగు దారాల ముందు పీట వేసుకుని, చిన్న కత్తి చేతిలోనే ఉంచుకుని, రెండు దారాల చుట్టూ ఉన్ని పోగు తిప్పి ముడి బిగించి, కొస టక్కుమని కోసేది. ఆ టక్కుటక్కు చప్పుడు వినబడుతుంటే ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు అనిపించేది.

నేను వెళ్లిన మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. ఒక పొద్దున అత్త పీట కాస్త కుడికి జరుపుకుని, ఎడమపక్కన ఇంకో పీట వేసి, "రావే అమ్మడూ, ఒక్కదాన్నీ నేయలేక చస్తున్నాను. నువ్వు ఆ అంచు నుంచి రా, నేను ఈ అంచు నుంచి వస్తాను" అంది. నేను పోగు కుడిచేత్తో అందుకోబోయి, వేళ్లు తడబడితే చటుక్కున ఎడమచేతికి మార్చాను. మార్చి, నాలుక కరుచుకుని అత్త మొహం చూశాను. "ఎడమైతే ఏంటే? ముడి ముడేగా" అంది. అంతవరకు నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు. సాయంత్రం నా ముడులు రెండు వేళ్ల మేర కత్తెరతో సమంగా కత్తిరించి, నా అరచెయ్యి పట్టుకుని వాటి మీద నిమిరించింది. "చూశావా? నా ఉన్ని ఇటు వాలింది, నీది అటు వాలింది. మధ్యలో ఎదురుపడి పలకరించుకుంటాయి. నీ చేతిలో ఉన్న మెత్తదనం నా చేతిలో లేదే" అంది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

తర్వాత రెండు నెలలు అదే మా దినచర్య. గళ్ల కాగితం మీద వేసిన పువ్వును చూసి అత్త రంగులు పిలిచేది. "మూడు నేరేడు. ఒక పసుపు. రెండాకు. మళ్లీ నేరేడు." పువ్వు రెండువైపులా ఒక్కలాగే ఉంటుంది కనక ఒక్క పిలుపు ఇద్దరికీ సరిపోయేది. అత్త ముగించి నాకోసం ఆగేది, నేను ముగించగానే ఇనప దువ్వెనతో వరస బిగించేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను లెక్కల ట్యూషన్‌కు వెళ్లి మూడుగంటలు ఉండి వచ్చేదాన్ని. వచ్చేసరికి పని ఏమంత సాగినట్టు కనిపించేది కాదు. "నువ్వు పక్కన లేకపోతే నాకు చెయ్యి ఆడట్లేదే" అనేది అత్త. ఆ మాట కోసం నేను ట్యూషన్ నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. నేను లేకపోతే పని ఆగిపోయే చోటు ఈ భూమి మీద ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ధైర్యంతోనే లెక్కలు చేశాను, సెప్టెంబరులో గట్టెక్కాను. తర్వాత కాలేజీలో ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాను. నేను రాసిన కథలన్నీ ఆ చేత్తో రాసినవే.

ఉన్ని పైన జులపాల్లా వేలాడుతున్నంతసేపూ వాలు తెలియదు. నేత ముగిశాక మగ్గం నుంచి దించి, కత్తిరించి, నీళ్లలో కడిగితేనే తేలుతుంది. ఆ లోపలే నాన్న వచ్చి నన్ను తీసుకుపోయాడు. వెళ్లేటప్పుడు అత్త ఒక తలగడ ఇచ్చింది. మగ్గం కింద పడ్డ ఉన్నితో కుట్టింది, పైన నీలం గళ్ల గుడ్డ. "నీ తివాచీ ముక్క నీ దగ్గరుండాలిగా" అంది. హాస్టల్లో ఆ తలగడ మీదే పడుకున్నాను, కాపరానికీ అదే తీసుకెళ్లాను. గలీబులు ఎన్ని మార్చినా లోపలిది మార్చలేదు.

రామచంద్రపురం నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు, పొద్దున కాఫీ అయినా పెట్టుకోకుండా, ఆ తలగడ కుట్టు విప్పాను. ముడి కొసలు కోసినప్పుడు రాలిన ఉన్ని బియ్యపు నూకలా పొడిపొడిగా ఉంటుంది. పైన అదే ఉంది. దాని కింద గుప్పెట్ల కొద్దీ పోగులు, ఒక్కోటి సగం వేలంత. నేరేడు, పసుపు, ఆకుపచ్చ. ఒక్కోటీ నడుమ వంకర తిరిగి ఉంది. దారం చుట్టూ బిగిసిన ముడిని లాగేస్తే ఆ వంకర దానికి పుట్టుమచ్చలా ఉండిపోతుంది. కట్టని పోగుకు వంకర రాదు. అవన్నీ నేను పొద్దున పూట కట్టినవి. నేను ట్యూషన్‌లో కూర్చుని లెక్కలు చేస్తుంటే, ఆవిడ కత్తి కొనతో ఒక్కొక్కటే లాగేసి, ఆ వరసలో తన ముడులు కట్టుకుంది. రోజూ, రెండు నెలలపాటు. ఆవిడకు చెయ్యి ఆడకపోవడం కాదు, నా పని విప్పి మళ్లీ కట్టడానికే ఆ మూడుగంటలూ పట్టేవి.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. అప్పటివి చిన్న చిన్నవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా వరస చూపించి "బాగుందా?" అంటే సాయిబు గారి చిన్నకూతురు ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయేది, సిగ్గరి అనుకున్నాను. నేను మగ్గం ముందు ఉన్నప్పుడు సాయిబు గారు వస్తే వాకిట్లోంచే మాట్లాడి పోయేవారు, మర్యాద అనుకున్నాను. వీధి వీధంతా తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కదానికే. మా నాయనమ్మ నా వేళ్ల మీద ఎదురుగానే కొట్టింది, నొప్పి పుట్టింది, ఏడ్చాను, అయిపోయింది. ఈవిడ నా చెయ్యి పట్టుకుని ముద్దుచేసి, నేను అటు తిరగ్గానే ఆ చేతి పనంతా పీకేసి, ఆ పీకిందాన్నే తలగడ కుట్టి నా తలకింద పెట్టింది. ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్న ప్రతి మాటా వరసగా ఎదురొచ్చి నిలబడింది. నా మొదటి కథ వేసిన సంపాదకుడి ఉత్తరం, సభల్లో చప్పట్లు, ఇప్పుడు ఫోన్లో వచ్చి పడే దండాల బొమ్మలు. వీటిలో ఎన్ని వాళ్లు నిజంగా అన్నవి, ఎన్ని నేను అన్నం తినడం కోసం అన్నవి?

పక్క రోజు రైలెక్కి ఏలూరు వెళ్లాను. వరమ్మత్తకు ఎనభై దాటాయి. మామయ్య పోయి చాలాకాలమైంది, మగ్గం ఉన్న వసారాలో ఇప్పుడు ఒక కుర్రజంట అద్దెకుంటోంది, వాళ్ల స్కూటర్ అక్కడే పెడతారు. ఎదురింట్లో మనవలు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నారు. అత్త ముందుగదిలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మంచం కింద మిషను మీద నేసిన తివాచీ ఒకటి, గులాబీ పూలది, ఆన్‌లైన్‌లో తెప్పించిందట. "ఎలా ఉందే? తుడుచుకోడానికి వీలుగా ఉంటుందని" అంది. దాన్ని కాలితో తాకి చూశాను, ఏ వాలూ లేదు, ఎటు నిమిరినా ఒకటే.

కూర్చోకుండానే అడిగేశాను. "అత్తా, నా ముడులన్నీ విప్పేశావు కదూ?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఎవరు చెప్పారే?"

"తివాచీయే చెప్పింది. రామచంద్రపురంలో చూసొచ్చాను. తలగడ కూడా విప్పాను."

అత్త ఆ కాయ ఈనె తీసి పళ్లెంలో వేసింది. తర్వాత నెమ్మదిగా, "రెండు వాలులుంటే తివాచీ పక్కనుంచి చూస్తే రెండు రంగుల్లో కనిపిస్తుందే. సగం వెలిసినట్టుంటుంది. సాయిబు గారు మూడో రోజే చూసి, పిల్లని లేపేయమ్మా, బేరం పోతుందన్నారు. లేపేస్తే నువ్వు ఏమయ్యేదానివి? అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చునేదానివి అప్పుడు" అంది.

"కుడిచేత్తో కట్టమని చెప్పచ్చుగా?"

"చెబితే ఏడ్చేదానివి."

"ఏడ్చేదాన్ని. ఏడ్చి నేర్చుకునేదాన్ని. రెండు నెలలు చాలు కదత్తా నాకు. ఒక్క వరస నిజంగా వచ్చేది. ఒక్కటంటే ఒక్క వరస నాదని ఉండేది." నా గొంతు పెరిగింది. వసారాలో అమ్మాయి తొంగి చూసి వెళ్లిపోయింది. "పత్రికలో రాశానత్తా. ఊరందరికీ చెప్పుకున్నాను. రాస్తున్నప్పుడు కూడా నీకు చదివి వినిపించాను. అప్పుడైనా చెప్పకపోయావా?"

"అంత సంబరంగా చదివితే ఎలా చెప్పనే?" అంది అత్త. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఉన్నాయి, ఏదీ రెండోదాన్ని తోసెయ్యలేదు. ఆవిడ నాకు అబద్ధం చెప్పింది ప్రేమతోనే అని ఆ మాటకు ముందూ నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ వరసలు నావి కావు. ఆ ప్రేమలో, ఈ పిల్ల నిజాన్ని తట్టుకోలేదు అన్న తీర్పు ఒకటి ఉంది. పదిహేనేళ్లప్పుడు ఆవిడ ఇచ్చిన ఆ తీర్పు నాకు మొన్నటిదాకా తెలియనే లేదు.

అత్త చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, నా ఎడమచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. వేళ్లన్నీ కణుపుల దగ్గర వంకరపోయి ఉన్నాయి ఆవిడవి, కాకపోతే పట్టు గట్టిదే. "అంతా విప్పలేదే అమ్మడూ" అంది. "ఎడమవైపు కింద మూలన చిన్న పువ్వుంది చూడు, నువ్వు మొదటిరోజు కట్టింది. దాన్ని నేను ముట్టుకోలేదు. సాయిబు గారు ఎంత చెప్పినా వినలేదు. అది నీదే, అలాగే ఉంది. చూడలేదూ?"

ఆవిడ మొహంలోకి చూశాను. ఆనాడు పీట జరిపి నన్ను పిలిచిన మొహమే, అదే నవ్వు, అంతే నమ్మకంగా. ఆ మూల పువ్వు మీద నేను మూడుసార్లు నిమిరాను, ఉన్ని మూడుసార్లూ ఆవిడ ముడుల వాలులోనే ఉంది.

"చూశానత్తా" అన్నాను. "అదొక్కటీ అటు వాలి ఉంది."

"చెప్పానా?" అంది అత్త సంతోషంగా, నా అరచెయ్యి నిమురుతూ. "నీ చేతిలో ఉన్న మెత్తదనం నా చేతిలో లేదే."

ఆవిడ దగ్గర కూర్చుని నేను నిజంగా నేర్చుకున్న పని ఆ మెత్తటి అబద్ధమొక్కటే అని తిరుగు రైల్లో తెలిసింది.